కృత్రిమమేధయు మన యుద్యోగులును

(వార్షిక మహాసభ రెండవనాఁటి విద్యాసదస్సునందుఁ జేసిన యుపన్యాసము)

  

 ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలోఁ బిల్లలచే శబ్దములను, ధాతువులను వల్లె వేయించి విశ్రాంతి పొందిన మేము యంత్రములనుగూర్చి మాటలాడఁబూనుట మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁచవచ్చును. పురోహితుఁడు రైలింజనును వర్ణించినట్లుండునని నిన్న భోజనశాలలో నొక మిత్రులు పరిహసించిరి. ఆ పరిహాసమును మేము సంతోషముతోనే స్వీకరించితిమి. కాని యంత్రమును నిర్మించుట వేఱు. యంత్రముతోఁ బని చేయుట వేఱు. ఆ పనిని నేర్పుట వేఱు. మొదటి రెంట మాకుఁ బ్రవేశము స్వల్పము. మూఁడవది మా వృత్తి.

నేఁటి మా విషయమిది. ప్రోగ్రాములు వ్రాయనేరని సామాన్యోద్యోగులు, అనఁగా గుమాస్తాలు, లెక్కలు వ్రాయువారు, ఉపాధ్యాయులు, వకీళ్ల కచేరీలలోఁ బని చేయువారు, చిన్న వ్యాపారములు నడపు స్త్రీలు, తమ నిత్యకృత్యములలోఁ గృత్రిమమేధను ఎట్లు వాడుకొనవలయునో చేతితోఁ జేయించి నేర్పు అభ్యాసవేదిక యొకటి మన సంఘము స్థాపింపవలయును. గడచిన సంవత్సరమున మన విద్యార్థివసతిగృహపు మేడగదిలో మేము చిన్న ప్రమాణమున నట్టి ప్రయత్నము చేసితిమి. అందు మేము పడిన పొరపాట్లను, నేర్చిన పాఠములను మీకు విన్నవించి, తుదకు నొక తీర్మానమును మీ యెదుట నుంచెదము.

మన పూర్వులలోఁ బెక్కండ్రు కలమును నమ్ముకొని బ్రదికినవారు. గ్రామలెక్కలు, దస్తావేజులు, దుకాణముల చిట్టాలు వారి చేతివ్రాఁతలో నుండెడివి. 1984 సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణముల, మునసబుల యుద్యోగములను రద్దు చేసినప్పుడు మన యిండ్లలో నెట్టి కలఁత పుట్టెనో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ మార్పు ప్రజలకు మేలో కీడో యిచ్చటఁ జర్చనీయము కాదు. మనవారిలోఁ బెక్కండ్రు దానికి సిద్ధముగా లేరనుట మాత్రము నిజము. 1998 లో రిజిస్ట్రేషను కచేరీలలోఁ గంప్యూటర్లు ప్రవేశించెను. 2017 జూలై మొదటి తేదినుండి జీఎస్టీ యమలులోనికి వచ్చుటతో, ఖాతాపుస్తకము తప్ప మఱియొకటి యెఱుఁగని గుమాస్తా కంప్యూటరు తెర ముందుఁ గూర్చుండవలసి వచ్చెను. 2022 నవంబరు 30వ తేదిని ఓపెన్‌ఏఐ యను అమెరికా సంస్థ ఛాట్‌జీపీటీ యను సంభాషణాయంత్రమును లోకమునకు విడుదల చేసెను. ఈ తుది మార్పు తక్కినవానివలెఁ గచేరీతో ఆగక, చేతిలోని ఫోనుద్వారమున నింటిలోనికే వచ్చినది.

ఒక మార్పును మాత్రము మనవారు చక్కఁగా దాఁటిరి. అది టైపుయంత్రము. ప్రతి పట్టణమునందును బజారువీధిలో నేదో యొక మేడమీఁద టైపు ఇన్‌స్టిట్యూటు ఉండెడిది. అచ్చట నుపన్యాసములు లేవు. నెలకింతయని రుసుము చెల్లించి, దినమునకొక గంట యంత్రము ముందుఁ గూర్చుండి, వ్రేళ్లను తగిన మీటలపై నుంచి, ఒకే వరుసను వందలసార్లు కొట్టవలయును. తప్పు పడినచోట గురువు ఎఱ్ఱసిరాతోఁ జుట్టి, ఆ పుటను మరలఁ గొట్టించెడివాఁడు. లోయరు, హయ్యరు పరీక్షలలోఁ గృతార్థులై యుద్యోగములఁ జేరినవారిలో మగవారే కాక ఆఁడుపిల్లలును గలరు. ఈ సభలోనే యట్టివారు పలువురు కూర్చుండి యున్నారు. టైపును వారికి నేర్పినది పుస్తకము కాదు, ఎఱ్ఱసిరా. ఈ సంగతిని దయతో మనసునందుంచుకొనుఁడు.

ఇఁకఁ గృత్రిమమేధ యనఁగా నేమి? ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అను పేరు 1956 లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు జరిగిన సదస్సునకై, 1955 లో జాన్ మెకార్థీ మొదలగు పండితులు వ్రాసిన ప్రతిపాదనలోఁ గానవచ్చుచున్నది. నేఁటి సంభాషణాయంత్రములకు మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిని గూగుల్ శాస్త్రజ్ఞులు 2017 లోఁ బ్రకటించిరి. అపారమైన వాఙ్మయరాశిని యంత్రమునకుఁ జదివించి, ముందున్న పదములనుబట్టి పిదప రాఁదగిన పదమేదో యూహించునట్లు దానిని తీర్చెదరు. ఆ యూహయే పెరిగి పెరిగి ఉత్తరమగును, పట్టికయగును, సమాధానమగును.

మేధ యనఁగా ధారణాశక్తిగల బుద్ధియని నిఘంటుకారులు చెప్పిరి. ఆ యర్థమున నీ పేరు తగియే యున్నది. యంత్రమునకు ధారణ వంటిదొకటి కలదు. మఱి ప్రామాణ్యమో? తర్కశాస్త్రము చదివినవారెఱుఁగుదురు: ఒకరి మాట ప్రమాణము కావలయునన్న నా పలికినవాఁడు ఆప్తుఁడై యుండవలయును. ఉన్నదానిని ఉన్నట్లెఱిఁగి, ఎఱిఁగినదానిని ఎఱిఁగినట్లు చెప్పువాఁడే యాప్తుఁడు. యంత్రమున కీ లక్షణము పట్టదు. నిజమైన మాటను, నిజమువలె నున్న మాటను అది యొకే ధీమాతోఁ బలుకును. కావున యంత్రవాక్యమును సిద్ధాంతముగాఁ గాక, పూర్వపక్షముగా నెన్నవలయును. పూర్వపక్షము పనికిమాలినది కాదు; అది లేనిదే విచారము సాగదు. కాని సిద్ధాంతము చేయవలసినవాఁడు, దాని క్రింద సంతకము పెట్టవలసినవాఁడు ఉద్యోగియే. మా యుపన్యాససారమంతయు నిందే యిమిడి యున్నది.

ఈ జ్ఞానము మాకు శాస్త్రమువలనఁ గలుగలేదు, సిగ్గుపడుటవలనఁ గలిగినది. రెండేండ్ల క్రిందట నొక సన్మానసభకై యాహ్వానపత్రిక వ్రాయుచు, మాకు సగము జ్ఞప్తిలో నున్న యొక సుభాషితము ఏ గ్రంథములోనిదని యంత్రము నడిగితిమి. అది గ్రంథము పేరు, ప్రకరణము పేరు, శ్లోకసంఖ్యయుఁ జెప్పెను. అంత ఖండితముగాఁ జెప్పినది తప్పగునని మాకుఁ దోఁపలేదు. అట్లే యచ్చు వేయించితిమి. సభ ముగిసిన పిదప మా పూర్వశిష్యుఁడొకఁడు మెల్లఁగా దగ్గఱకు వచ్చి, "గురువుగారూ, ఆ గ్రంథములో నా సంఖ్యకు వేఱొక శ్లోకమున్నదండి" యని చెవిలోఁ జెప్పెను. గ్రంథము మా బీరువాలోనే యుండెను. తీసి చూచుటకు నిమిషము పట్టెడిది. జీవితమంతయు నితరుల పుస్తకములలోఁ దప్పులు దిద్దిన మేము మా తప్పును మున్నూఱు ప్రతులుగాఁ బంచితిమి.

మాకుఁ బోయినది గౌరవము మాత్రమే. మన వసతిగృహములోఁ జదివిన యొక పిల్లవానికి ఉద్యోగమే పోయినది. వాఁడొక పట్టణమున నొక వ్యాపారసంస్థలో లెక్కల గుమాస్తాగా నుండెను. ఇఁకమీఁద నుత్తరములు, పట్టికలు కృత్రిమమేధతోఁ జేయవలయుననియు, పని సగము కాలములో ముగియవలయుననియు యజమాని యాజ్ఞాపించెను. నేర్పినవారెవ్వరును లేరు. వాఁడు బాకీదారుల పట్టికను యంత్రమునకిచ్చి, ఎవరెంత బాకీయో తేల్చి, తలకొక యుత్తరము వ్రాయుమనెను. యంత్రము చక్కని యాంగ్లమున వ్రాసెను. కాని యొకే పేరుగల యిద్దఱు వర్తకుల ఖాతాలను గలిపివేసి, బాకీ తీర్చినవానికి బాకీ చూపెను. వాఁడు సరిచూడక పంపెను. ఆ వర్తకుఁడు చాలకాలపు ఖాతాదారుఁడు. కోపించి లావాదేవీలు మానుకొనెను. ఆ వారమే పిల్లవానిని పంపివేసిరి.

వాని తండ్రి మా యింటికి వచ్చి, "మాస్టరుగారూ, తప్పు మావానిదాండి, యంత్రానిదాండి?" యని యడిగెను. మే మప్పుడు సమాధానము చెప్పలేకపోయితిమి. నేఁడు చెప్పుచున్నాము. తప్పులో వానికిఁ గొంత పాలున్నది. యజమానికిని గలదు. కాని నేర్వవలసినదానిని నేర్పు చోటు లేకుండఁ జేసిన మనకందఱకును అందుఁ బాలు కలదు.

అందుచే నేమైనఁ జేయవలయునని సంకల్పించితిమి. మా యన్నగారి కుమారుఁడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పని చేయుచున్నాఁడు. అతని కీ సంగతి చెప్పఁగా, "బాబాయిగారూ, పాఠములను వీడియోలుగాఁ దీసి పంపెదను, ఎవరికిఁ దీరిక యున్నప్పుడు వారు చూచుకొందురు" అనెను. అట్లే చేసితిమి. పాఠములు చక్కఁగా నున్నవని యందఱును మెచ్చిరి. నెల గడచిన పిదప విచారింపఁగా, పనిలో వాడినవారు కనఁబడలేదు. పంచాయతీ కచేరీలోఁ బని చేయు నొక సోదరి చెప్పిన మాట మఱవరానిది: "మాస్టరుగారూ, చూచునప్పుడన్నియుఁ దెలిసినట్లే యుండెను. మఱునాఁడు కచేరీలోఁ గూర్చుండఁగా మొదటి మాట యేమి వ్రాయవలయునో తోఁపలేదు."

పరీక్ష పెట్టినఁ జదివెదరని తలఁచి, రెండవమాఱు ప్రతి పాఠము తుదను నాలుగేసి సమాధానములుగల ప్రశ్నలను జేర్చితిమి. దాదాపందఱును గృతార్థులైరి. అప్పుడు మే మొక యుపాయము పన్నితిమి. ముప్పది బిల్లుల పట్టిక యొకటి కల్పించి, దాని సారాంశమును యంత్రముచే వ్రాయించి, అందు నాలుగు తప్పులను మేమే చొప్పించి, కృతార్థులైనవారి చేతికిచ్చి పరిశీలింపుఁడంటిమి. నాలుగింటిని పట్టినవాఁడొక్కఁడును లేఁడు. ఇద్దఱు ముగ్గు రొక్కొక్కటి పట్టిరి. తక్కినవారు, "బాగున్నదండి" యనిరి. "నాయనా, గట్టున నిలువఁబెట్టి యీఁత నేర్పుచున్నాము" అని మా వానితో ననఁగా, అతఁడు చాలసే పూరకుండి, "అయినచో నీటిలోనికే దింపుదమండి బాబాయిగారూ" అనెను.

ఈ యనుభవము మా మేడగదికే పరిమితము కాదని పిదపఁ దెలిసినది. 2023 లో హార్వర్డు మొదలగు విద్యాసంస్థల పండితులు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అను సంస్థలోని 758 మంది సలహాదారులపై నొక పరీక్ష చేసిరి. యంత్రమునకుఁ దగిన పనులలో, దాని సాయము పొందినవారు లేనివారికంటె నూటికి 12 వంతులు ఎక్కువ పనులను, నూటికి 25 వంతులు తక్కువ కాలములో ముగించిరి. కాని యంత్రపు శక్తికి మించిన యొక సమస్య నీయఁగా, యంత్రము లేనివారిలో నూటికి 84 గురు సరిగాఁ దేల్చిరి. యంత్రమున్నవారిలో 70 మందియే. యంత్రముతోఁబాటు దానిని వాడు విధమునుగూర్చి చిన్న పాఠమును గూడ విన్నవారిలో 60 మంది! పాఠము విన్నవారు వినని వారికంటె నెక్కువ తప్పిరి. కొంచెపు పాఠము జాగ్రత్తను గాక ధీమాను పెంచెనని మే మూహించుచున్నాము.

దీనికి మఱియొక ప్రక్కయుఁ గలదు. అదే 2023 లో బ్రిన్‌యోల్ఫ్‌సన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు ఖాతాదారుల ప్రశ్నలకు బదులిచ్చు 5,179 మంది యుద్యోగుల పనిని పరిశీలించి, యంత్రసాహాయ్యమువలనఁ బని సగటున నూటికి 14 వంతులు పెరిగినదనియు, క్రొత్తగాఁ జేరినవారిలో 34 వంతులు పెరిగినదనియుఁ బ్రకటించిరి. ఆరితేఱినవారికి లాభ మత్యల్పము. అనఁగా మన బీదపిల్లలవంటి క్రొత్తవారికే యిది యెక్కువగా నూఁత కాఁగలదు. ఊఁత కాఁగలదే వారిని పడద్రోయనుఁగలదు. రెంటికిని నడుమ నున్నది అభ్యాసము.

మూఁడవమాఱు కట్టిన వేదికను మీకు వర్ణించెదము. కంప్యూటరు తెరపై మూఁడు భాగములుండును. ఎడమవైపున మూలపత్రము: బిల్లుల పట్టికయో, అర్జీయో, పాఠ్యభాగమో. నడుమ సంభాషణాయంత్రము. కుడివైపున పరీక్షాపత్రము. విద్యార్థి యంత్రముచేఁ బని చేయించి, ఆ సమాధానమును ముక్కముక్కగా మూలముతో సరిచూచి, ఏది యెచ్చట సరిపడెనో, ఏది తప్పెనో, ఏది మూలములోనే లేదో కుడివైపున గుర్తు పెట్టవలయును. అట్లు గుర్తు పెట్టనిదే వేదిక తరువాతి మెట్టునకుఁ బోనీయదు. ప్రతి పాఠమునందును గొన్ని తప్పులు ముందుగానే దాఁపఁబడి యుండును. వానిని పట్టనివానికి ఎఱ్ఱని గుర్తు పడును. ఇది మన టైపు గురువుగారి యెఱ్ఱసిరాయే.

వారమునకు రెండు సాయంకాలములు, పది వారములు. ఇది మా క్రమము. నాలుగవ వారమునుండి యెవరి పనిని వారే తెచ్చుకొనవలయును. అసలు పేర్లు, ఫోను సంఖ్యలు, ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు తీసివేసి, కల్పితమైనవి వేసికొని రావలయును. ఈ నియమమును మీఱినవారి నా పూఁట యంత్రము ముందుఁ గూర్చుండనీయము. 2023 లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచారరక్షణకై చట్టము చేసినది. చట్టము లేకున్నను, పరుల రహస్యమును కాపాడుట గుమాస్తాకు ధర్మమే కదా! మన పెద్దలు యజమాని ఖాతాలోని యంకెను భార్యతోనైనఁ జెప్పెడివారు కారు.

యంత్రమున కాజ్ఞ వ్రాయు విధమును నేర్పుటకు మాకు మా తర్కపాఠమే యక్కఱకు వచ్చెను. వాక్యమున కర్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడు కావలయునందురు. మేము వానిని పనికిఁ దగినట్లు మార్చుకొంటిమి. ఆకాంక్ష యనఁగా, ఎవరికి, దేనికొఱకు, ఏ భాషలో, ఎంత పొడవున అను ప్రశ్నలలో నేదియు మిగులకుండఁ జెప్పుట. యోగ్యత యనఁగా, యంత్రము చేయఁదగిన పనినే యడుగుట. నిప్పుతోఁ దడుపుమన్నట్లు, ఇయ్యని పత్రములోని సంగతిని చెప్పుమనరాదు. సన్నిధి యనఁగా, కావలసిన మూలమును ప్రశ్నతోఁబాటు దాని యెదుట నుంచుట. ఈ మూఁడు మాటలను ప్రతి విద్యార్థియుఁ దన పుస్తకపు మొదటిపుటలో వ్రాసికొనును.

సరిచూచుటకును మన సంప్రదాయమున గొప్ప దృష్టాంతమున్నది. వేదమున నొక్క యక్షరము జాఱకుండుటకై పదపాఠము, క్రమపాఠము, జట, ఘన యని పదములను ముందునకును వెనుకకును ద్రిప్పి వల్లించు పద్ధతులను పెద్దలు కల్పించిరి. మేమును మొత్తములను క్రిందినుండి పైకిఁ గూడించుచున్నాము. యంత్రము వ్రాసిన సారాంశమునుండి మూలమునకును, మూలమునుండి సారాంశమునకును రెండుమార్లు నడిపించుచున్నాము. మొదటి నడకలోఁ గల్పించినది పట్టుపడును; రెండవ నడకలో వదలివేసినది పట్టుపడును. అధికముగా నున్న మాట కంటఁబడినంత సులభముగా, లేకపోయిన మాట కంటఁబడదు.

ఈ పని దేశాంతరములందును జరుగుచున్నది. ఫిన్‌లాండులో హెల్సింకీ విశ్వవిద్యాలయమువారు 2018 లో ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ యను నుచితపాఠమును సామాన్యజనులకొఱకుఁ బ్రారంభించిరి. అది కృత్రిమమేధ యేమియో చెప్పును; ప్రశంసనీయము. మాకుఁ గావలసినది దాని తరువాతి మెట్టు, అనఁగా సోమవారము ఉదయమున మేజామీఁది కాగితముతో నేమి చేయవలయునను సంగతి.

మేడగదిలో నొకనాఁడు జరిగినదానిని మనవి చేసెదము. పచ్చళ్లు పెట్టి యమ్ముకొని పిల్లలను చదివించుకొనుచున్న యొక సోదరి మా తరగతిలోఁ జేరెను. ఆమె చదువు పదవ తరగతితో నాగినది. పట్టభద్రుల నడుమఁ గూర్చుండుటకు సంకోచించి తలుపుదగ్గఱ బల్లపైఁ గూర్చుండెడిది. సీసాలపై నంటించు చీటీలను ఆంగ్లమున వ్రాయించుకొనుట యామె తెచ్చుకొన్న పని. యంత్రము వస్తువుల జాబితా, లైసెన్సుసంఖ్యకుఁ జోటు, అన్నియుఁ జక్కఁగా నమర్చి, గోంగూరపచ్చడి రెండేండ్లు నిలువయుండునని తనంతఁ దానే చేర్చెను. చుట్టునున్నవా రెవ్వరును గమనింపలేదు. చీటీని తెలుఁగునఁ జదివించుకొని విన్నంతనే యామె నవ్వి, "రెండేండ్లాండి? నా చేతి గోంగూర యెన్నాళ్లుండునో నన్నడుగక దానికెట్లు తెలియునండి?" యనెను. ఆ దినమున దాఁపని తప్పును పట్టినది యామె యొక్కతియే. పట్టినది యాంగ్లజ్ఞానముతోఁ గాదు, యంత్రజ్ఞానముతోఁ గాదు, పచ్చడిజ్ఞానముతో.

మఱునాఁటినుండి మేము బోధనాక్రమమును మార్చితిమి. మొదట, "నీ పనిలో నీకు బాగుగాఁ దెలిసినదేమి?" యని యడిగి, అచ్చట నుండియే మొదలుపెట్టుచున్నాము. లెక్క తెలిసినవాఁడే యంత్రపు లెక్కలోఁ దప్పు పట్టఁగలఁడు. చట్టము తెలిసిన గుమాస్తాయే కల్పితమైన తీర్పును గనిపెట్టఁగలఁడు. 2023 లో న్యూయార్కు నగరమున నిద్దఱు న్యాయవాదులు ఛాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను సరిచూడక న్యాయస్థానమున దాఖలు చేసినందులకు 5,000 డాలర్ల జరిమానా పడినది. వారికి న్యాయశాస్త్రము తెలియక కాదు, తెలిసినదానిని వాడలేదు. మేము సుభాషితము విషయమునఁ జేసినదియు నదియే.

కొన్ని యాక్షేపణలు మా చెవిఁ బడినవి. యంత్రమే పనియంతయుఁ జేయునప్పుడు నేర్చి ప్రయోజనమేమని కొందఱందురు. కొన్ని యుద్యోగములు పోవుననుట మేము కాదనము. పోవని మాట యిచ్చుటకు మాకధికారము లేదు. కాని బాధ్యత వహించి సంతకము పెట్టువాఁ డొకఁడు కావలయును. పని చేయువాఁడుగాఁ గాక పనిని పరీక్షించువాఁడుగా మనవాఁడు నిలువఁగలిగినచో వానికిఁ జోటుండును. వయసు మీఱినవారికి రాదని మఱికొందఱందురు; అఱువదియైదవ యేఁట మేము నేర్చితిమి. తెలుఁగునఁ బనికిరాదని యింకొందఱందురు. ఇందుఁ గొంత నిజము కలదు. యంత్రము భాషను తునకలుగా విఱిచి చదువును. తునకలు పెరిగినకొలఁది ఖర్చును, కాలమును బెరుగును. 2024 మే మాసమున ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ఓ ను బ్రకటించుచు, ఒక మచ్చు తెలుఁగుపాఠమునకుఁ బూర్వము 159 తునకలు కావలసియుండఁగా నిఁక 45 చాలునని తెలిపినది. మన ప్రభుత్వమును 2022 నుండి భాషిణి యను పేర దేశభాషలకై పని చేయించుచున్నది. దారి మెఱుఁగుపడుచున్నది. అయినను యంత్రపు తెలుఁగును ఆంగ్లముకంటె నెక్కువ జాగ్రత్తతోఁ జదువవలయునని మా విద్యార్థులకుఁ జెప్పుచున్నాము.

ఇఁక మా ప్రార్థన. మన సంఘనిధిలో నీ సంవత్సరము మిగిలిన సొమ్మును కల్యాణమండపపు భోజనశాలకు శీతలయంత్రములు పెట్టించుటకు వినియోగింపవలయునని కార్యవర్గమువారి యెదుట నొక ప్రతిపాదన కలదని వింటిమి. అది చెడ్డది కాదు. వేసవి పెండ్లిండ్లలో మేమును జెమర్చినవారమే. కాని ముందుగా నీ క్రింది మూఁటిని చేయుఁడని పాదములంటి వేఁడుచున్నాము.

మొదటిది: వసతిగృహపు మేడగదిలో ఆఱు కంప్యూటర్లను, మంచి యింటర్నెట్టును, ఒక జీతపు సహాయకుని ఏర్పాటు చేయవలయును. నేఁటివఱకు మూఁడు పాఁత యంత్రములతో నిరువదిమంది వంతులు వేసికొనుచున్నారు. రెండవది: స్త్రీలకొఱకు మధ్యాహ్నపు తరగతి యొకటి నడపవలయును, సాయంకాలము వంటవేళ వారు రాలేకున్నారు. మూఁడవది: ఈ వేదికను మనవారికే పరిమితము చేయరాదు. ఇప్పటికే ప్రక్కవీధులనుండి యన్యకులముల పిల్లలు నలుగురు వచ్చుచున్నారు. బిల్లుల పాఠములోఁ దప్పులను మొదట పట్టువాఁడు వారిలో నొకఁడే. మన పెద్దలు వసతిగృహమును గట్టిన కాలమున మన పిల్లలకుఁ బట్టణములోఁ బస దొరకకుండెను. ఆ కష్టము నెఱిఁగిన మనము మఱియొకరికిఁ దలుపు వేయరాదు.

ఉద్యోగము పోఁగొట్టుకొన్న పిల్లవాని సంగతి మీరడుగవచ్చును. వానికింకను స్థిరమైన యుద్యోగము దొరకలేదు. ఒక కిరాణాదుకాణమున నరపూఁట లెక్కలు వ్రాయుచున్నాఁడు. సాయంకాలములందు మేడగదికి వచ్చి, ఒకే పేరుగల యిద్దఱు ఖాతాదారులను గలిపివేసిన యా పట్టికను క్రొత్తవారికిఁ దానే పాఠముగాఁ జెప్పుచున్నాఁడు. అది వేదికలో రెండవ పాఠము. దానిని చేర్పుమని యడిగినవాఁడును వాఁడే. మేము వలదంటిమి, వాఁడు వినలేదు. వానికి జీతమిచ్చి సహాయకునిగా నియమింపవలయునని మా తీర్మానములోని మొదటి యంశమునకు మౌఖికముగా జేర్చుచున్నాము.

తీర్మానప్రతిని కార్యదర్శిగారికి సమర్పించితిమి. రేపటి సర్వసభ్యసమావేశమున అది మీ యెదుటికి వచ్చును.